మీకు తెలుసా? మనసు వైద్యంలో కుక్కల సాయం

• ఇంగ్లండ్‌లోని యార్క్‌లో 1796లో మొదలైన ‘రిట్రీట్’ మానసిక చికిత్సాలయంలో రోగులు చూసుకునేందుకు ఆవరణలో కుందేళ్లనూ కోళ్లనూ పెంచారు.

• 1930లలో సిగ్మండ్ ఫ్రాయిడ్ వియన్నాలో రోగులతో మాట్లాడుతుంటే, ఆయన పెంపుడు కుక్క జోఫీ అదే గదిలో ఉండేది.

• అమెరికాలో మనస్తత్వ నిపుణుడు బోరిస్ లెవిన్‌సన్ దగ్గరికి ఎవరితోనూ కలవని ఓ బాబును తీసుకొచ్చారు. ఆయన కుక్క జింగిల్స్ పరుగున వెళ్లి వాణ్ని నాకితే, బాబు బెదరకుండా దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. ఆ అనుభవంతో లెవిన్‌సన్ 1962లో రాసిన వ్యాసం జంతువుల సాయంతో చేసే చికిత్సకు పునాది.

• అమెరికాలో ఆస్పత్రిలో చేరిన 230 మంది మానసిక రోగులపై జరిపిన అధ్యయనం 1998లో వెలువడింది. కుక్కతో ఒక్క విడత గడిపాకే చాలామందిలో ఆందోళన తగ్గినట్టు అందులో తేలింది.

• చికిత్సలో సాయపడే కుక్కలకు టీకాలు, శుభ్రత, నెమ్మదైన స్వభావం తప్పనిసరి. రోగి సరేనంటేనే దగ్గరికి తీసుకెళ్తారు. కుక్క అలసినట్టు ఆవలిస్తే, మొహం తిప్పుకుంటే విశ్రాంతినివ్వాలి.

• కుక్కల సాయం మందులకు, కౌన్సెలింగ్‌కు బదులు కాదు, తోడు మాత్రమే. కానీ మాట పెగలని మనిషికి ఆ తోడు ఎంతో విలువైనది.