16 మెగాహెర్ట్జ్ చిప్‌తో పామ్ పైలట్ అంత ఫాస్ట్‌గా ఎలా వెతికేది?

గిగాబైట్ల కొద్దీ ర్యామ్ ఉన్న ఫోన్‌లో కూడా పేరు వెతకబోతే కొన్ని యాప్స్ ఒక్క క్షణం బిగుసుకుపోతాయి. మరి 1996లో వచ్చిన పామ్ పైలట్ 1000 సంగతి చూడండి. 16 మెగాహెర్ట్జ్ మోటరోలా డ్రాగన్‌బాల్ ప్రాసెసర్, 128 కేబీ ర్యామ్, రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలు. అంతే! అయినా అడ్రస్ బుక్‌లో రెండు అక్షరాలు రాస్తే చాలు, లిస్ట్ ఆ పేరు దగ్గరికి దూకేది.

కిటుకంతా దాచేటప్పుడే ఉంది. కొత్త రికార్డ్ సేవ్ చేయగానే అది వరుసలో ఎక్కడ కూర్చోవాలో అప్పుడే తేల్చేసేవారు. అందుకు వాడింది బైనరీ సెర్చ్. లిస్ట్ మధ్యలో ఉన్న పేరుతో పోల్చడం, మనది దానికి ముందా వెనకా చూసుకోవడం, అక్కర్లేని సగాన్ని వదిలేయడం. 1000 పేర్లున్నా పది పోలికల్లో పని అయిపోతుంది.

సరే, మధ్యలో ఒకటి దూర్చాలంటే తర్వాతవన్నీ జరపాలి కదా? జరపాలి, కానీ రికార్డులను కాదు. అవి మెమరీలో ఎక్కడివక్కడే ఉంటాయి. జరిగేవి లిస్ట్‌లోని ఎంట్రీలు మాత్రమే, ఒక్కోటీ 8 బైట్లు. రికార్డ్ ఎక్కడుందో చెప్పడానికి 4, దాని ఐడీకి 3. మిగిలిన ఒక్క బైట్‌లోనే డిలీట్ అయిందా, మారిందా లాంటి గుర్తులన్నీ. కేటగిరీకి మిగిలింది 4 బిట్లే కాబట్టి పామ్‌లో 16కి మించి కేటగిరీలు కుదిరేవి కావు. ఆ వింత లిమిట్ వెనక కథ ఇదన్నమాట.

ఇబ్బంది లేకపోలేదు. లిస్ట్‌కి ఒకే వరుస ఉంటుంది. ఇంటిపేరు ప్రకారం ఉన్నదాన్ని కంపెనీ పేరు ప్రకారం మార్చమంటే మొత్తం మళ్లీ సార్ట్ చేయాల్సిందే. ఇంకో చిక్కు, వరుస ఎక్కడైనా తప్పితే బైనరీ సెర్చ్ ఎర్రర్ చూపించదు. ఉన్న రికార్డునే లేదంటుంది!

అన్ని యాప్స్‌లోనూ వెతికే ఫైండ్ బటన్ దారి వేరు. అది రికార్డులను ఒక్కొక్కటిగా చదివేది, అదీ పదాల మొదళ్లను మాత్రమే చూసేది. ఇంగ్లిష్ అక్షరాల్లో 'లక్ష్మి' అని రాస్తే 'విజయ లక్ష్మి' దొరుకుతుంది. 'విజయలక్ష్మి' అని కలిపి రాసుకున్నారో, ఇక దొరకదు. మన పేర్లతో ఇది నిజంగా తలనొప్పే.

ఇప్పుడు ఆండ్రాయిడ్ యాప్స్‌లో ఎక్కువగా కనిపించేది ఎస్‌క్యూలైట్. ఇండెక్స్ పెడితే ఆ వరుసను అదే కాపాడుతుంది, ఒకే టేబుల్‌కి రెండు మూడు వరుసలైనా పెట్టుకోవచ్చు. కానీ లైక్ క్వెరీలో పదానికి ముందు పర్సెంట్ గుర్తు పెట్టి 'లక్ష్మి' అని వెతికితే ఇండెక్స్‌లో నేరుగా ఆ పేరు దగ్గరికి దూకడం కుదరదు, మొత్తం చదవాల్సిందే. వంద రికార్డులతో టెస్ట్ చేసినప్పుడు ఇది తెలియదు. యూజర్ దగ్గర యాభై వేలు చేరాక తెలుస్తుంది.

మీరు యాప్ రాస్తుంటే ఆ క్వెరీకి ముందు 'ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్' అని చేర్చి నడపండి. జవాబులో 'సెర్చ్' అని వస్తే నేరుగా ఆ చోటికే వెళ్తోంది. 'స్కాన్' అని వస్తే మొదటి నుంచి చివరిదాకా తిరుగుతోంది.