క్రిస్మసునకు కాగితపు కానుకలు

డిసెంబరు మాసము ప్రవేశించినంతనే క్రైస్తవ కుటుంబములలో రెండు లెక్కలు మొదలగును. మొదటిది పండుగకు మిగిలిన దినముల లెక్క, అది పిల్లలది. రెండవది చేతనున్న సొమ్ము లెక్క, అది తల్లిదండ్రులది. ఈ రెండు లెక్కలను కొంతవరకు పొత్తుపరచగల సాధనమొకటి నేడు సులభముగా లభించుచున్నది. ఇంటర్నెటులో ఉచితముగా దొరకు కార్డులు, కానుకలకు కట్టు పేరుచీటీలు, ఖర్చుల పట్టికలు, కత్తిరించి అతుకు బొమ్మలు మొదలగువానిని కాగితముపై అచ్చువేసికొని వాడుకొనుటను గూర్చి ఇచట ముచ్చటింపదలచితిమి.

ఈ పద్ధతి ఒక విధముగా ప్రాతదియే. 1843వ సంవత్సరమున లండనులో హెన్రీ కోల్ అను నతడు, మిత్రులందరకు వేరువేరుగా లేఖలు వ్రాయుటకు తీరిక చాలక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అను చిత్రకారునిచే ఒక కార్డు గీయించి అచ్చువేయించెను. తొలి క్రిస్మసు కార్డుగా ప్రసిద్ధి గన్నది అదియే. నడుమ విందారగించు కుటుంబము. ఇరుప్రక్కల పేదలకు అన్నవస్త్రములిచ్చు దృశ్యములు. ఎవరికి, ఎవరినుండి అను తావులను మాత్రము ఖాళీగా విడిచిరి. 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో మ్యూనిచ్ నగరమున గెర్హార్డ్ లాంగ్ ప్రకటించిన క్రిస్మసు క్యాలెండరును అట్టిదే. పిల్లలు దినమునకొకటి చొప్పున 24 బొమ్మలు కత్తిరించి అట్టపై అతికించెడివారు. అచ్చుయంత్రము సగము పనిచేసి, తక్కిన సగమును ఇంటివారి చేతులకు విడిచినదన్నమాట.

ఇక ఆచరణకు వత్తము. ఉచితమైనది చిత్తరువు మాత్రమే. కాగితము, సిరా ఉచితములు కావు. కావున నిండురంగుల చిత్రములకు మారుగా నల్లని గీతలు మాత్రమేయున్న వానిని ఎన్నుకొనుట మేలు. రంగులు నింపు పని పిల్లలకు దక్కును. ఇంట ప్రింటరు లేనివారు సమీపపు జిరాక్సు దుకాణమున అచ్చువేయించుకొనవచ్చును. అమెరికాలో తయారైన పత్రములు తరచు 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 మిల్లీమీటర్ల పొడవు గల కాగితమునకు ఏర్పడినవి. మనము వాడు ఏ4 కాగితము వెడల్పు 210 మాత్రమే గనుక అంచులు తెగిపోవచ్చును. అచ్చుకు ముందు పుటకు సరిపుచ్చుమని యంత్రమునకు తెలుపవలెను. ఏ4 కాగితమును రెండుమారులు మడచినచో చక్కని కార్డగును. ఎనిమిది సమభాగములుగా కోసినచో ఎనిమిది పేరుచీటీలగును. సొంత వాడుకకు మాత్రమే యని పత్రముపై వ్రాసియున్నచో, వానిని అచ్చువేసి అమ్ముట తగదు. అది సత్కార్యమునకైనను సరే.

ఖర్చుల పట్టిక విషయమున ఒక్క సూత్రము గుర్తుంచుకొనిన చాలును. పేర్లకు ముందు మొత్తమును వ్రాయవలెను. పేర్లు ముందుగా వ్రాసినచో జాబితా పెరుగుచుండును. మొత్తము చివర తేలును. తీరా అది జనవరిలో అప్పుగా పరిణమించును. మొత్తము ముందున్నచో ఎవరికి కొనవలెనో, ఎవరికి చేతితో చేసి ఈయవలెనో తేటపడును.

ఈ పత్రములలో మంచు, పొగగొట్టములు, దుప్పులు విరివిగా కానవచ్చును. అవి మన పిల్లలకు వినోదమే. అయినను ఒక కాగితమును ఖాళీగా నుంచి, వెదురుబద్దల నక్షత్రమును, పశువులపాకను, గులాబీపువ్వులు వండు అమ్మమ్మను గీయుమనుడు. తమ ఇంటి పండుగను వారు తామే చూచుకొందురు.

మేమెరిగిన ఒక ఇంట చూపు మందగించిన నాయనమ్మ కలదు. బడికి పోవు మనుమడు చేత కాసులేక, పండ్రెండు చీటీలు అచ్చువేయించి కుట్టి ఆమెకు కానుకగా నిచ్చెను. ఒక్కొక్క చీటీకి బదులుగా ఒక సాయంకాలము బైబిలు చదివి వినిపింతునని వాని మాట. ఆమె పదునొకండు చీటీలు వాడుకొని, కడపటిదానిని దిండుక్రింద దాచుకొన్నది. అది యిచ్చివేసినచో వాడు రాడేమో యని ఆమె భయము. సంగతి తెలిసి పిల్లవాడు చీటీ యడుగకయే వచ్చి చదువుచున్నాడట.

అచ్చుకాగితము చేయగల మేలు ఇంతియే. అది గీటు గీసి ఖాళీనిచ్చును. ఆ ఖాళీలో ఎవరి పేరు వ్రాయుదుమో, ఏమి మాట ఇత్తుమో, దానిని ఎంతవరకు నిలుపుకొందుమో, అదియే కానుక.