గంజాయి మొక్కలో లింగభేదము: పరిసరముల ప్రభావము

మందార, వంగ, ఉమ్మెత్త పువ్వులను విప్పి చూచినచో కేసరములును, అండకోశమును ఒకే పువ్వులో కనబడును. బీర, సొర, దోస పాదులలో మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు; కాని రెండును ఒకే పాదుపై పూయును. తాటిచెట్లలో ఈ వేర్పాటు ఇంకను ముందుకు పోయినది. పోతుతాడికి కాయలుండవు; పెంటితాడికి పుప్పొడి ఉండదు. మగపువ్వులొక మొక్కపైనను, ఆడపువ్వులు వేరొక మొక్కపైనను పూయు ఇట్టి జాతులను ఏకలింగాశ్రయులందురు. గంజాయి ఈ తరగతికి చెందినది.

గంజాయి అనగానే మత్తుపదార్థమే గుర్తునకు వచ్చును. కాని ఆసియా, ఐరోపా ఖండములలో దీనిని నారకొరకును, గింజలకొరకును ప్రాచీనకాలమునుండి సాగుచేసిరి. ఇంగ్లీషులో దీనికి హెంప్ అని పేరు. మన పొలములలోని జనుమును సన్ హెంప్ అనుటచేత రెండును ఒకటేయని భ్రమపడరాదు. జనుము చిక్కుడు కుటుంబమునకు చెందిన వేరు మొక్క.

గంజాయి గింజలు చల్లినచో మొలచిన వానిలో సుమారు సగము మగమొక్కలు, సగము ఆడమొక్కలు అగును. పూత వచ్చువరకు వీనిని గుర్తించుట కష్టము. మగమొక్క తన పుప్పొడిని గాలికి వదలి, కొలదికాలములోనే ఎండిపోవును. ఆడమొక్క గింజలు ముదురువరకు నిలిచియుండును.

ఈ సగము సగము లెక్కకు కారణము క్రోమోసోములు. గంజాయి కణములలో 20 క్రోమోసోములు, అనగా పది జతలు కలవు. వానిలో ఒక జత లింగమునకు సంబంధించినది. ఆడమొక్కలో ఆ జత రెండును ఎక్స్ క్రోమోసోములు; మగమొక్కలో ఒకటి ఎక్స్, రెండవది వై. పుప్పొడి రేణువులలో సగమునకు ఎక్స్, సగమునకు వై సంక్రమించును. అండమును ఎక్స్ గల రేణువు ఫలదీకరించిన ఆడమొక్క, వై గల రేణువు ఫలదీకరించిన మగమొక్క కలుగును.

లెక్క ఇంతవరకు సరిగనే ఉన్నది. కాని గంజాయి ఈ లెక్కకు ఎల్లప్పుడు లోబడలేదు.

జర్మనీలోని ట్యూబింగెన్ నగరవాసి యగు కామెరారియుస్, మొక్కలలో లింగభేదము కలదని ప్రయోగములద్వారా నిరూపించి, ఆ విషయమును 1694లో ప్రకటించెను. ఆముదపు మొక్కపై మగపువ్వులను ముందుగనే తుంచివేసినచో మంచి గింజలు కట్టవని ఆయన చూపెను. గంజాయి మాత్రము ఆయనను కలవరపెట్టినది. మగమొక్కలను తొలగించినను ఆడమొక్కలు కొన్ని గింజలు కట్టినవి! గాలిలో దూరమునుండి పుప్పొడి వచ్చియుండవచ్చును; లేదా ఆడమొక్కపైననే కొన్ని మగపువ్వులు పూచియుండవచ్చును. ఈ రెండవది సాధ్యమేయని తరువాత తేలినది.

పారిస్‌లో జూలియన్ టూర్న్వా అను యువశాస్త్రజ్ఞుడు గంజాయి గింజలను అకాలమున, చలికాలపు చివర, గాజుగృహములో చల్లెను. మొక్కలు కొద్ది ఆకులు తొడిగినంతనే పూతకు వచ్చినవి. పువ్వులలో వికారములును కనబడినవి. ఆయన దీనిని 1911లో ప్రకటించి, త్వరగా పూచుటకు పగటివెలుగు కాలము తక్కువగుటయే కారణమని గ్రహించెను. 1914లో మొదటి ప్రపంచయుద్ధమున ఆయన మరణించుటచే ఆ పని అర్ధాంతరముగా ఆగిపోయెను.

తరువాత అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమున జాన్ షాఫ్నర్ గంజాయిని వేరువేరు నెలలలో నాటి పరిశీలించెను. వేసవిపంటలో ఆడమొక్కలు ఆడమొక్కలుగను, మగవి మగవిగను ఉండినవి. పగలు కురుచగానుండు చలికాలమున గాజుగృహములో పెంచినపుడు మాత్రము అనేక ఆడమొక్కలపై మగపువ్వులు, మగమొక్కలపై ఆడపువ్వులు వచ్చినవి. 1921, 1923 సంవత్సరములలో ఈ ఫలితములను ప్రకటించి, లింగము క్రోమోసోములపై ఆధారపడదనియు, అది మొక్కయొక్క శారీరకస్థితి మాత్రమేయనియు ఆయన వాదించెను.

మరి క్రోమోసోముల వాదము తప్పా? దీనిని తేల్చుటకు మొక్కను చూచిన చాలదు. దాని సంతానమును చూడవలెను. ఆడమొక్కపై పూచిన మగపువ్వు పుప్పొడిని మరియొక ఆడమొక్కకు అంటించినారనుకొందము. పరిసరములు ఆ మొక్క లింగమును మూలమునుండి మార్చియుండినచో, సంతానములో మగమొక్కలును ఉండవలెను. కాని అట్టి గింజలనుండి దాదాపు అన్నియు ఆడమొక్కలే పుట్టును. ఏలయన, మగపువ్వు పూచినను ఆ మొక్కలో వై క్రోమోసోము లేదు. లేనిదానిని పుప్పొడికి ఈయజాలదు. కావున పరిసరములు పువ్వు రూపమును మార్చినవే కాని, మొక్క వారసత్వమును మార్చలేదు. షాఫ్నర్ చూచినది నిజము. ఆయన చేసిన నిర్ణయము పొరపాటు.

పగటికాలపు నిడివి పువ్వును ఎట్లు మార్చగలదు? ఇచట మధ్యవర్తులు హార్మోనులు. ఢిల్లీ విశ్వవిద్యాలయమున ఆచార్య మోహన్ రామ్, జైస్వాల్ 1970లో మగ గంజాయి మొక్కలపై, ఇథిలీన్ వాయువును విడుదలచేయు ఎథెఫాన్‌ను ప్రయోగించి ఆడపువ్వులు పూయించిరి. 1972లో ఆడమొక్కలపై జిబ్బరెల్లిన్ ప్రయోగించి మగపువ్వులు పూయించిరి. ఇథిలీన్ పనిని అడ్డగించు వెండి లవణములు కూడ ఆడమొక్కలపై మగపువ్వులను తెప్పించునని 1982లో మోహన్ రామ్, సేఠ్ చూపిరి. 1978లో సోవియట్ శాస్త్రజ్ఞులు చైలఖ్యాన్, ఖ్రియానిన్ లేతమొక్కల వేళ్లను కోసివేయగా వానిలో అధికభాగము మగవైనవి; వేళ్లను తిరిగి పెరుగనిచ్చినపుడు అధికభాగము ఆడవైనవి. వేళ్లలో తయారగు సైటోకైనిన్ ఆడతనమునకును, ఆకులలో తయారగు జిబ్బరెల్లిన్ మగతనమునకును తోడ్పడునని వారు వివరించిరి.

కావున ప్రతి గంజాయి మొక్కలోను రెండు విధములగు పువ్వులను నిర్మించు శక్తియు దాగియున్నది. ఏ వైపు మొగ్గవలెనో సాధారణముగా క్రోమోసోములు నిర్ణయించును. వెలుగు, వేళ్లస్థితి మొదలగునవి హార్మోనుల తూకమును మార్చినపుడు ఆ మొగ్గు తారుమారగును. మగమొక్క లేనిచోట ఒంటరియైన ఆడమొక్క రెండు మగపువ్వులు పూచినను వంశము నిలుచును గదా!

లైసెన్సు లేక గంజాయి పెంచుట 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము నేరము. అయినను ఈ సూత్రమును పాఠశాల తోటలో చూచుటకు దోసపాదు చాలును. దోసలో దీర్ఘమైన పగళ్లు, అధికమగు వేడి మగపువ్వులను పెంచును. కురుచ పగళ్లు, చల్లదనము ఆడపువ్వులకు అనుకూలము. రైతులు దోసజాతి తీగలపై రెండు, నాలుగు ఆకుల దశలో ఎథ్రెల్ అను మందు చల్లుట ఆడపువ్వులను హెచ్చించుటకే. ఆ మందు పైన చెప్పిన ఎథెఫానే. ఒకే రకపు దోసను చలికాలమున ఒకసారి, వేసవిలో ఒకసారి నాటి, ప్రతిదినము మగపువ్వులను, ఆడపువ్వులను వేరువేరుగా లెక్కించి పట్టిక వ్రాసినచో, గింజలోని వారసత్వమునకును బయటి వెలుగునకును గల పొత్తు విద్యార్థులకు కంటికి కట్టినట్లు తెలియును.