వరదలో మునిగిన ముస్తఫాని మళ్లీ నిద్ర లేపాం

ముస్తఫా అనగానే పాట గుర్తొచ్చేవాళ్లు ఒక బ్యాచ్. రూపాయి బిళ్ల గుర్తొచ్చేవాళ్లు ఇంకో బ్యాచ్. నేను రెండో బ్యాచ్.

ఆ గేమ్ అసలు పేరు ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. అందులో నలుగురు హీరోలుంటారు, వాళ్లలో ఒకడు ముస్తఫా. మన ఊళ్లలో గేమ్ మొత్తానికీ వాడి పేరే పెట్టేశారు. ఇంట్లో ఆడుకునే కన్సోళ్ల మీదికి ఇది అధికారికంగా ఎప్పుడూ రాలేదు. ఆడాలంటే షాపుకెళ్లాలి, మిషన్ ముందు నిలబడాలి, రూపాయి వెయ్యాలి.

మా మామ షాపు రాజోలిలో ఉండేది. తుంగభద్ర ఒడ్డున, సుంకేసుల బ్యారేజీకి దగ్గర్లో ఉన్న చేనేత ఊరు. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా, అప్పుడు మహబూబ్‌నగర్. షాపులో రెండు మిషన్లు, ఒక స్టూలు, గోడకి ఒక క్యాలెండరు. సెలవులకి వెళ్తే మేనల్లుడి హోదాలో నాకు రోజుకి రెండు గేములు ఫ్రీ.

2009 అక్టోబరు మొదట్లో వరద వచ్చింది. అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగిన సంగతి అందరికీ తెలుసు. అదే నీళ్లు ఇటు నడిగడ్డలో అలంపూర్ని, రాజోలిని కూడా ముంచాయి. రాజోలిలో ఇళ్లు కూలాయి, మగ్గాలు గుంటల్లోనే మునిగిపోయాయి. మామ షాపు కాస్త ఎత్తు మీద ఉన్నా ఛాతీ దాకా నీళ్లు. ఒక మిషన్ పక్కకి ఒరిగి ముక్కలైంది. రెండోది, ముస్తఫాది, నిలబడే మునిగింది.

మామ తర్వాత గద్వాలకి వచ్చేశాడు. ఆ మిషన్ కూడా ట్రాక్టర్‌లో వచ్చింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో, పాత బస్తాల కింద పదహారేళ్లు ఉండిపోయింది. దాని మాట ఎత్తితే మామ టాపిక్ మార్చేసేవాడు.

గీత వదిలేయ్

పోయిన వేసవిలో షెడ్డు కూలగొట్టాల్సి వచ్చింది. పాతసామాన్ల బండి అతను కిలోల లెక్కన అడిగాడు. ఇచ్చేయబోతుంటే నేనే ఆపా. “ఎందుకురా అల్లుడా దాంతో తిప్పలు? అది చచ్చిన మిషన్” అన్నాడు మామ.

బయటికి లాగి కడిగి చూశా. పక్క చెక్క మీద జాయ్‌స్టిక్ బల్లకి జానెడు పైన అడ్డంగా గోధుమరంగు గీత. వరద అక్కడిదాకా వచ్చిందన్నమాట. గీతకి పైన పిక్చర్ ట్యూబ్ ఉంది. కింద బోర్డు, పవర్ సప్లై, స్పీకర్, డబ్బుల పెట్టె ఉన్నాయి. అంటే గేమ్ ప్రాణం ఉన్నదంతా నీళ్లలోనే నానింది.

ముందు చెక్క పని. ప్లైవుడ్ అంటే పల్చటి పొరల్ని జిగురుతో అంటించిన చెక్క. నీళ్లు దిగితే పొరలు విడిపోతాయి, ఉబ్బుతాయి. మా మిషన్ అడుగున అడుగున్నర దాకా బురదలో నాని పుస్తకంలా విచ్చుకుంది. గద్వాలలో తెలిసిన వడ్రంగి అన్న చూసి, “పక్కలు రెండూ మొత్తం మార్చేద్దాం, కొత్తదానిలా ఉంటది” అన్నాడు. నాకూ సరే అనిపించింది.

అప్పటిదాకా దూరంగా కూర్చున్న మామ లేచి వచ్చాడు. “కింద పుచ్చింది మాత్రం కోసెయ్. గీత ఉన్నకాడ ముట్టొద్దు” అన్నాడు. అంతే, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. కింది ముక్క కోసి, నీళ్లకి తట్టుకునే ప్లైవుడ్ అతికించి, లోపల పట్టీలు కొట్టించాం. గీతకి రంగు వెయ్యలేదు.

వనపర్తిలో పోస్ట్‌మార్టం

బోర్డుని పాత దుప్పట్లో చుట్టి వనపర్తి తీసుకెళ్లా. అక్కడ రాజుల ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ తెలుసు కదా, నా ఫ్రెండ్ అందులోనే ఎలక్ట్రానిక్స్ చదివి ఇప్పుడు మొబైల్ రిపేర్ షాపు పెట్టుకున్నాడు. వాడు బోర్డు తిప్పి చూసి నవ్వాడు. “ఎక్కడా క్యాప్‌కామ్ పేరు లేదురా. ఇది కాపీ బోర్డు.” అప్పట్లో మన చిన్న ఊళ్లకి ఇలాంటివి బోలెడు వచ్చేవి.

అందరూ చెప్పే సలహా వాడూ చెప్పాడు. “దీన్ని పారేసి రాస్ప్‌బెర్రీ పై పెట్టెయ్. జేబులో పట్టే కంప్యూటర్, వెయ్యి గేములు ఆడుకోవచ్చు.” నిజమే. డబ్బూ టైమూ మిగులుతాయి. కానీ నాకు కావాల్సింది వెయ్యి గేములు కాదు, మునిగిన ఆ ఒక్క గేమ్.

ముందు మెత్తటి బ్రష్‌తో ఎండిన ఒండ్రు దులిపాడు. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు రోజులు కడగడం, ఆరబెట్టడం. బోర్డు అంచున బంగారు రంగు గీతలుంటాయి, అవే కనెక్టర్. జపాన్‌వాళ్లు 1985లో తెచ్చిన ‘జామా’ పద్ధతి అది, 56 పిన్నులు. పవర్, స్క్రీన్, బటన్లు, కాయిన్ అన్నీ అందులోంచే వెళ్తాయి. ఆ పద్ధతి పాటించే ఏ బోర్డునైనా అదే మిషన్‌కి తగిలించొచ్చు. ఆ పిన్నుల మీది నలుపుని స్కూల్ రబ్బరుతో రుద్దితే పోయింది! గేమ్ ప్రోగ్రామ్ ఉండే ఒక చిప్ కాలు తుప్పుకి ఊడిపోతే, సన్నటి తీగ సోల్డర్ చేసి కొత్త కాలు పెట్టాడు.

పవర్ సప్లై విప్పినప్పుడు మామకి ఫోన్ చేశా. “వరద తర్వాత దీన్ని ఎప్పుడైనా ఆన్ చేశావా మామా?”

కాసేపు మాట లేదు. తర్వాత చెప్పాడు. నీళ్లు తీసిన పది రోజులకి, ఎండింది కదా అని ప్లగ్ పెట్టాడట. టప్‌మని శబ్దం, కాలిన వాసన. “నీళ్లు కాదురా, దాన్ని నేనే చంపిన” అన్నాడు. “ఊళ్లో మగ్గం పోయినోళ్లు, ఇల్లు పోయినోళ్లు ఏడుస్తుంటే నేను ఆటబొమ్మ పోయిందని ఎవరికి చెప్పాలె? దాని మీద అప్పు కూడా తీరలే.”

ఫోన్ స్పీకర్‌లో ఉంది. నా ఫ్రెండ్ మధ్యలో అందుకున్నాడు. “మామా, కాలింది పవర్ సప్లై ఒక్కటే. ఫ్యూజ్ కూడా పోయింది. కరెంటు బోర్డు దాకా పోనే లేదు. బోర్డు బతికే ఉంది.”

అవతల నుంచి “అవునా” అని మాత్రం వినిపించింది.

మీ ఫోనో, మిక్సీయో, టీవీయో తడిస్తే మనందరం చేసే మొదటి తప్పు అదే. ‘ఒకసారి ఆన్ చేసి చూద్దాం’. పైకి ఎండినా లోపల తేమ, బురద ఉంటాయి. కరెంటు వాటిలోంచి అడ్డదారి పడుతుంది. విప్పి, కడిగి, పూర్తిగా ఆరాకే ప్లగ్ పెట్టాలి. మేమూ కొత్త పవర్ సప్లైని బోర్డుకి తగిలించకుండా ముందు మల్టీమీటర్ పెట్టి, సరిగ్గా 5 వోల్టులు వస్తున్నాయని చూసుకున్నాకే కలిపాం.

నాగర్‌కర్నూల్ పెద్దాయన

ఇక స్క్రీన్. గద్వాలలో ఎవరిని అడిగినా ఎల్‌ఈడీ పెట్టుకోమన్నారు. నాగర్‌కర్నూల్‌లో పాత టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారని తెలిసి వెళ్లా. ఆయన రెండు కండిషన్లు పెట్టారు. ఒకటి, నేను ట్యూబ్ ముట్టుకోకూడదు. రెండు, జేబులోంచి చెయ్యి తియ్యకూడదు!

జోక్ కాదు. పిక్చర్ ట్యూబ్ 20 వేల వోల్టుల పైనే నడుస్తుంది. స్విచ్ కట్టేసినా ఆ గాజు కరెంటుని దాచుకుంటుంది. ఆయన స్క్రూడ్రైవర్‌కి వైరు కట్టి, రెండో కొసని ఎర్త్‌కి తగిలించి, రబ్బరు టోపీ కిందికి దూర్చి ముందు ట్యూబ్‌ని ఖాళీ చేశారు. యూట్యూబ్ చూసి ఇంట్లో ఈ పని చెయ్యకండి, ప్లీజ్.

“ట్యూబ్ మంచిగుంది బిడ్డా, నీళ్లు మెడ దాకా రాలే” అన్నారు. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, పగిలిన సోల్డర్లు మళ్లీ అతికారు. సాయంత్రానికి తెర వెలిగింది.

43 రూపాయలు

అన్నీ గద్వాల చేరాక కొత్త స్పీకర్, కొత్త బటన్ స్విచ్‌లు బిగించాం. జాయ్‌స్టిక్ పాతదే. చివరగా తుప్పు పట్టిన డబ్బుల పెట్టె తాళం పగలగొట్టాం. లోపల మట్టి ముద్ద. నీళ్లలో వేస్తే రూపాయి బిళ్లలు బయటపడ్డాయి. లెక్కపెడితే 43. వరద ముందు రోజు కలెక్షన్, మామ తియ్యకుండా ఇంటికెళ్లిపోయాడు. పెట్టె తుప్పు పట్టింది కానీ బిళ్లలు స్టెయిన్‌లెస్ స్టీల్, కడిగితే తళతళ.

మిషన్ ఆన్ చేశాం. బొమ్మ వచ్చింది, మ్యూజిక్ వచ్చింది. మా అక్క కొడుకు జేబులోంచి రూపాయి తీసి వేశాడు. గలగలమంటూ కింద పడిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ పడింది. అప్పుడు అర్థమైంది. ఆ రోజుల్లో రూపాయి 25 మిల్లీమీటర్లు. 2011 నుంచి వచ్చిన బిళ్ల 22 మిల్లీమీటర్లే. మిషన్‌కి కొత్త రూపాయి తెలీదు.

మామ గిన్నెలోంచి ఒక పాత బిళ్ల తీసి వాడి చేతిలో పెట్టాడు. టింగ్‌మంది. క్రెడిట్ ఒకటి పడింది.

వాడు రెండు నిమిషాల్లో అవుట్. “సేవ్ ఎక్కడుంది తాతా?” అని అడిగాడు. “సేవ్ లేదు, ఇంకో రూపాయి ఉంది” అన్నాడు మామ. ఈసారి తను కూడా పక్కన నిలబడి రెండో జాయ్‌స్టిక్ పట్టుకున్నాడు.

మిషన్ ఇప్పుడు మామ ఇంటి ముందు గదిలో ఉంది. ఆదివారం గల్లీ పిల్లలు వస్తారు. వచ్చినవాళ్లకి మామ ముందు పక్క చెక్క చూపిస్తాడు, “నీళ్లు ఈడిదాకా వచ్చినయి” అని. తర్వాత గిన్నె ముందుకి జరుపుతాడు. ఆడటం అయ్యాక బిళ్లలు మళ్లీ గిన్నెలో వెయ్యాలి, అదొక్కటే రూలు. పోయిన ఆదివారం లెక్కపెడితే 43 ఉన్నాయి.