పొగయు మంచును: లైము వ్యాధికి రెండవ రక్తపరీక్ష



మన యూళ్ల బిడ్డలు పలువురు నేడు అమెరికా దేశమున కాపురములు చేయుచున్నారు. ఆ దేశపు ఈశాన్యభాగమున, న్యూజెర్సీ, కనెక్టికట్ మొదలగు రాష్ట్రములలో, లైము వ్యాధి యను జాడ్యము కలదు. లైము అనునది యొక యూరి పేరు. 1975 ప్రాంతమున కనెక్టికట్‌లోని ఆ యూరను, చుట్టుపట్లను పెక్కుమంది పిల్లలకు కీళ్లు వాచెను. దానిని విచారింపగా నీ వ్యాధి బయల్పడినది. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అను శాస్త్రజ్ఞుడు పిడుదులలో మెలికలు తిరిగిన సూక్ష్మక్రిమిని కనుగొనెను. అదియే యీ రోగమునకు మూలము. మన గొడ్లను పట్టు పిడుదులు వేఱు జాతివి. వానిని చూచి లైము వ్యాధి యని బెదరనక్కఱలేదు. ఆ దేశపు పిడుదుపిల్ల గసగసాల గింజయంత యుండును. అది పట్టినట్లు తఱచుగా తెలియనే తెలియదు.

ఒక వేసవిలో అచ్చటనున్న మా మనుమనికి తొడపై ఎఱ్ఱని మచ్చ పుట్టి, దినదినము వెడల్పగుచు వచ్చెను. వైద్యుడు దానిని చూచి, రక్తము తీయకయే మందు వ్రాసెను. మా అమ్మాయి టెలిఫోనులో నీ మాట చెప్పగా నేను మండిపడితిని. “పరీక్ష లేకయే మందు మ్రింగింతువా? మొదట రక్తము చూపించుము” అని గద్దించితిని. నా మాట తీసివేయలేక ఆమె రెండు దినములు మందాపినది. పిమ్మట వైద్యుడు విషయము విశదముగా చెప్పగా మరల మొదలుపెట్టినది. పిల్లవాడు కోలుకొనెను. తప్పు నాది. ఆ తప్పు మీకు రాకుండుటకే యీ ప్రసంగము.

చిన్ననాడు తర్కము చదువునపుడు మా గురువుగారు కొండమీది పొగను చూచి నిప్పు కలదని ఊహించుట నేర్పిరి. లైము రక్తపరీక్షయు నట్టిదే. క్రిమి రక్తములో చిక్కుట అరుదు. కావున దానితో పోరుటకు శరీరము పుట్టించు ప్రతిరక్షకములను వెదకుదురు. క్రిమి నిప్పు, ప్రతిరక్షకములు పొగ. అయితే పొగతో మూడు చిక్కులు కలవు.

మొదటిది: అప్పుడే రాజిన నిప్పునకు పొగ కానరాదు. ప్రతిరక్షకములు తగినన్ని పుట్టుటకు కొన్ని వారములు పట్టును. మచ్చయో, పిడుదు పట్టిన పిదప 3 మొదలు 30 దినములలోపుననే పొడసూపును. ఆ దశలో రక్తము తీసిన, రోగమున్నను లేదనియే రావచ్చును. కావున వ్యాధి యున్న ప్రాంతములో అట్టి మచ్చ స్పష్టముగా కనబడినచో, పరీక్షకై వేచియుండక మందిత్తురు. మా మనుమని వైద్యుడు చేసినదియు నిదియే.

రెండవది: మంచు పొగవలె తోచును. ఎలీసా యను మొదటి పరీక్ష వల విసరినట్టిది. సవాయి రోగము మొదలగు నితర వ్యాధులలో పుట్టిన ప్రతిరక్షకములును దానికి చిక్కవచ్చును. అందుచేత 1994లో డియర్‌బార్న్ పట్టణమున సమావేశమైన నిపుణులు రెండంచెల పద్ధతిని నిర్ణయించిరి. మొదటి పరీక్షలో లేదని వచ్చిన, అంతటితో సరి. ఉన్నదని గాని సందేహమని గాని వచ్చిన, అదే రక్తమునకు వెస్టర్న్ బ్లాట్ అను రెండవ పరీక్ష చేయుదురు. క్రిమియందలి మాంసకృత్తులను పరిమాణమును బట్టి విడదీసి పట్టీపై పఱతురు. రక్తములోని ప్రతిరక్షకములు వేనిని పట్టుకొనునో అచ్చట చారలు తేలును. నిర్ణీతములైన 10 చారలలో 5 అయినను ఉండవలెను. ఆరంభదశలో పుట్టు వేఱొక రకపు ప్రతిరక్షకములకు 3 చారలలో 2 చాలును. కాని ఆ లెక్క రోగారంభమునుండి 30 దినములవఱకే చెల్లును. 2019 నుండి, చారల పట్టీకి బదులు ఎలీసా వంటి వేఱొక పరీక్షను రెండవదిగా చేయుటకును ఆ దేశమున అనుమతి కలదు. ఏ పద్ధతియైనను రెండవ పరీక్షయు సమ్మతించిననే తీర్పు నిలుచును.

మూడవది: నిప్పు చల్లాఱినను పొగ కొంతసేపు నిలుచును. మందుతో రోగము కుదిరినను ప్రతిరక్షకములు నెలలకొలది, ఒక్కొక్కప్పుడు ఏండ్లకొలది రక్తములో నుండును. కావున రోగము పోయినదా యని తెలిసికొనుటకు ఈ పరీక్షను మరల చేయించుట నిష్ప్రయోజనము. ఉన్నదని వచ్చినంతమాత్రమున మందు పనిచేయలేదని దిగులుపడరాదు.

ఇంకొక మాట. కట్టెయే లేని చోట పొగ కనబడిన, అది మంచేమో యని శంకింపవలెను. పిడుదులున్న చోటికి పోనివాడు ఏదో యొంటినొప్పికి ఈ పరీక్ష చేయించుకొన్నచో, తప్పుడు ఫలితము వచ్చి, అక్కఱలేని మందులు మ్రింగవలసి రావచ్చును. అసలు రోగము మఱుగున పడవచ్చును.

అందుచేత మీ బిడ్డలు అచ్చటినుండి రక్తపరీక్ష సంగతి చెప్పినపుడు మూడు ప్రశ్నలడుగుడు. పిడుదులుండు గడ్డిలోనికో అడవిలోనికో పోయితిరా? జబ్బు మొదలై ఎన్నాళ్లయినది? మొదటి పరీక్షలో ఉన్నదని వచ్చినచో రెండవది చేసిరా? అడిగిన పిమ్మట వైద్యుని మాట వినుడు. నావలె దూరమునుండి ఆజ్ఞలు మాత్రము ఇయ్యకుడు.

సెలవు.