గోవా వార్తకు ఎన్ని పేర్లు?

1961 డిశంబరు 18వ తేదీ తెల్లవారకముందే భారత సైన్యం గోవా సరిహద్దు దాటింది. 19వ తేదీ రాత్రికి పోర్చుగీసు గవర్నరు జనరలు వసాలో ఇ సిల్వా లొంగుబాటు పత్రంపై సంతకం చేశాడు. ఇరువైపులా కలిపి చనిపోయినవారు వందకు లోపే. జరిగిన సంగతి ఇంతే. దానిపై ఆయా దేశాల పత్రికల వ్రాతలు చూస్తే మాత్రం, అన్నీ ఒకే గోవాను గురించి వ్రాసినవేనా అనిపిస్తుంది.

మన పత్రికలకు అది విమోచనం. లిస్బన్ పత్రికలకు దురాక్రమణ. అమెరికా, బ్రిటన్‌లలోని పెద్ద పత్రికలు పెక్కు దానిని దండయాత్ర అన్నాయి. లోకానికి శాంతిపాఠాలు చెప్పే నెహ్రూగారే కత్తి పట్టారని ఎత్తిపొడిచాయి. సోవియట్ పత్రికలకు అది వలసపాలన అంతం. భద్రతాసమితిలో మన సైన్యాలు వెనక్కు పోవాలన్న తీర్మానానికి ఏడు వోట్లు వచ్చినా, సోవియట్ వీటోతో వీగిపోయింది.

పేర్ల మాట అటుంచి, కథను ఎక్కడ ఎత్తుకున్నారో చూడాలి. పోర్చుగీసువారు 1510లో అల్బుకెర్కు గోవాను పట్టుకున్ననాటి నుంచి ఎత్తుకున్నారు. మనవారు 1955 ఆగస్టు 15న నిరాయుధులైన సత్యాగ్రహులపై జరిగిన కాల్పుల నుంచి. పాశ్చాత్యులలో పెక్కుమందికి డిశంబరు 18వ తేదీయే తొలిపుట. ఎవరూ అబద్ధమాడనక్కరలేదు, తొలిపుట మార్చితే చాలు, దొర దొంగవుతాడు, దొంగ దొరవుతాడు. మనవారినీ వదలిపెట్టరాదు. పోర్చుగీసు బలగాలు పెరిగిపోతున్నవని పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. తీరా చెరచిక్కిన యూరపు సైనికులు మూడువేల పైచిలుకే.

ఈ పేర్ల తగవు మన ఇళ్ళకూ కొత్తదికాదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదులో జరిగినదానిని ఆనాటి ప్రభుత్వం 'పోలీసు చర్య' అన్నది. మరాఠ్వాడాలో అది 'ముక్తి సంగ్రామం'. తెలంగాణలో విమోచనమా, విలీనమా అన్న వాదం నేటికీ తెగలేదు. మరాఠీ పత్రికా, తెలుగు పత్రికా పక్కపక్కన పెట్టుకుని చదివే మన కుటుంబాలకు ఇది బాగా తెలుసు.

లిస్బన్‌లో ఆ రెండు రోజులూ జరిగినది వేరు. మన విమానాలు బాంబోలిం వైర్లెస్ కేంద్రాన్ని పడగొట్టడంతో గోవా నుంచి కబురు తెగిపోయింది. గెలిచినవారో చచ్చినవారో తప్ప లొంగినవారు ఉండరాదని సలజారు అంతకుముందే ఆజ్ఞ పంపి ఉన్నాడు. పత్రికలపై సెన్సారు నీలిపెన్సిలు సరేసరి. కబురు లేని చోటును పత్రికలు వీరోచిత పోరాటంతో నింపాయి. ఆ వేళకు గవర్నరు, తన మనుషులను ఊరకే చంపుకోవడం ఇష్టంలేక, లొంగిపోవడానికి సిద్ధపడుతున్నాడు!

1962లో ఆ సైనికులు ప్రాణాలతో ఇంటికి చేరారు. పత్రికలలో ప్రాణాలకు తెగించి పోరాడినవారు ఇలా తిరిగివస్తే ఎవరు మెచ్చుతారు? పూలమాలలకు బదులు సైనిక పోలీసులు ఎదురువచ్చారు. గవర్నరును 1963లో సైన్యం నుంచి వెళ్ళగొట్టారు.

1974 ఏప్రిల్ విప్లవంతో సెన్సారు పోయింది. ఆయన హోదా ఆయనకు తిరిగి వచ్చింది. ఆ యేడు డిశంబరు 31న గోవా భారతదేశానిదేనని పోర్చుగల్ ఒప్పందంపై సంతకం చేసింది. తరువాత ఒకసారి ఆయన గోవా చూడవచ్చాడు. అక్కడివారు ఆయనను ఆదరంగా పలకరించారు.