కొట్టములోని మోటారు

మన పల్లెల పెద్ద లోగిళ్లలో ఎడ్ల కొట్టము ప్రక్కనో, ధాన్యపు గాదెల వెనుకనో తలుపు మూసిన షెడ్డొకటి తరచుగ కానవచ్చును. అందులో దుమ్ము పేరుకొని, చక్రములు నేలకు క్రుంగి, పాత మోటారొకటి నిలిచియుండును. ఒకనాడది పెండ్లికొడుకు నూరేగించిన వాహనము. నడిరేయి పురిటినొప్పులు పడు నిల్లాలిని పట్టణమునకు జేర్చిన దిక్కు. నేడది కోళ్లు గ్రుడ్లు పెట్టు తావు. దానిని ఇనుము తూకమునకు అమ్మివేయవలెనా, మరల రోడ్డెక్కింపవలెనా యను తర్కము పెక్కిండ్లలో నడచుచున్నది. ఈ విషయమున మేము స్వయముగ చూచినదానిని పాఠకులకు విన్నవించెదము.

తెనాలి ప్రాంతమున నొక రైతుగారి యింట 1966లో కొన్న అంబాసిడరు కారు కలదు. 1989లో యజమాని కాలధర్మము నొందగా షెడ్డు తలుపులు మూయబడెను. 2025 వరకు ఆ కారు కదలలేదు. అంబాసిడరు నమూనా ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డుది. 1942లో నెలకొన్న హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో దానిని తయారుచేసిరి. 1950వ దశకము చివర మొదలైన యా తయారీ 2014 మే నెలలో నిలిచిపోయినది. నమూనా పరదేశపుదే యైనను, అర్ధశతాబ్దికి పైగ దానిని కూర్చినవియు, బాగుచేసినవియు మన కార్మికుల చేతులే. దాని నిర్మాణ మెంత సాదా యనగా, చేతిపని తెలిసిన మేస్త్రీ చెట్టుక్రింద గూర్చుండియే దానిని విప్పి మరల బిగింపగలడు.

పట్టణమునుండి వచ్చిన మనుమడు క్రొత్త బ్యాటరీ తగిలించి తాళపుచెవి త్రిప్పబోయెను. ఆ క్షణమున వృద్ధుడైన మేస్త్రీ చేయి అడ్డుపెట్టి, "ఆగండి బాబుగారూ! దీనికి ముందు ఆగటం రావాలి. నడక సంగతి తరువాత" అనెను. ఈ మాటలోనే విద్య యంతయు నున్నది. ప్రక్క యూరిలో నొకరు తొందరపడి యిట్లే స్టార్టరు నొక్కగా, త్రుప్పుపట్టి బిగిసిన వాల్వు కదలక, దానిని నెట్టు కడ్డీ వంగిపోయినదట. 36 ఏండ్ల నిద్ర చేయని హాని ఒక నిమిషపు ఆతురత చేయును.

నిలిచిన వాహనము నిలిచినట్లే యుండునని మనము భ్రమపడుదుము. టాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరై, జిగురుగ మారి, కార్బురేటరులోని సన్నని రంధ్రములను మూసివేయును. బ్రేకునూనె గాలిలోని తేమను పీల్చి సిలిండర్లను లోలోపల త్రుప్పు పట్టించును. పిస్టను రింగులు సిలిండరు గోడల కంటుకొనును. ఎలుకలు తీగల తొడుగులు కొరుకును. టైర్ల గీతలు చెక్కుచెదరకున్నను రబ్బరు సత్తువ కోల్పోవును; అట్టి టైర్లతో రోడ్డెక్కుట ప్రాణాపాయము.

మేస్త్రీ మూడు నెలల గడువడిగెను. ముందుగ కారును దుంగలపై నెత్తి, అడుగు రేకును సుత్తితో తట్టి చూచెను. ఈ కారునకు వేరు చట్రము లేదు. బరువంతయు ఆ రేకుల కూర్పుపైననే నిలుచును. అచ్చట త్రుప్పు తినివేసియున్నచో ఇంజనుపై వెచ్చించు ప్రతి రూపాయియు వృథా. అడుగు గట్టిదని తేలిన పిమ్మట బ్రేకు సిలిండర్లు, గొట్టములు, రబ్బరులు క్రొత్తవి వేసి, పాడైన తీగలు మార్చెను. టాంకును, రేడియేటరును విప్పించి కడిగించెను. తరువాత నాలుగు స్పార్కు ప్లగ్గులును ఊడదీసి, ఒక్కొక్క సిలిండరులో పలుచని నూనె కొంచెము పోసి పది దినములు విడిచెను. హ్యాండిలు పెట్టి త్రిప్పగా కదలలేదు. బలము చూపక మరల నూనె పోసెను. మూడవ మారు హ్యాండిలు తిరిగినది. పై మూత తీసి, ఎనిమిది వాల్వులును లేచి దిగుచున్నవని కన్నులార చూచి, క్రొత్త ఇంజనునూనె నింపి, టాంకుతో బనిలేక చిన్న డబ్బానుండి పెట్రోలందించి స్టార్టరు నొక్కెను. దగ్గుచు, నీలిపొగ గ్రక్కుచు ఇంజను పలికినది. ఇంటిల్లిపాదియు చప్పట్లు చరచగా, అరుగుమీది ముసలమ్మగారు మాత్రము, "బ్రేకు పడుతోందా మేస్త్రీ?" అని యడిగిరి.

నేటి పెట్రోలు విషయమునను జాగ్రత్త వలయును. 2000లో దేశమంతట సీసము కలిపిన పెట్రోలు నిలిపివేయబడినది. ఆ కాలపు వాల్వు పీటలు మెత్తనివి గనుక మితిమీరిన వేగము తగదు. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు చేరినది. ఇది నీటిని పీల్చును. పాత రబ్బరును చెఱచును. కావున పెట్రోలు గొట్టములు, పంపు పొర దానికి తట్టుకొనునవిగ నుండవలెను. నెలల తరబడి కదపనిచో టాంకును ఖాళీ చేయుట మేలు.

శాసనము కూడ అనుకూలముగనే యున్నది. 50 ఏండ్లు దాటి, మౌలిక రూపము చెడని వాహనములను ప్రత్యేకముగ నమోదు చేయుటకు కేంద్రప్రభుత్వము 2021 జూలైలో నిబంధనలు చేసినది. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. గడువు 10 ఏండ్లు. ఇదివరకే నమోదైన బండి తన పాత నంబరును నిలుపుకొనవచ్చును. అయితే అట్టి వాహనమును ప్రదర్శనలకు, ర్యాలీలకు నడపవచ్చునే గాని, నిత్యప్రయాణములకుగాని బాడుగకుగాని వాడరాదు.

ఇది లాభనష్టముల లెక్కకు నిలుచు పని కాదు. ఇనుము ధరకంటె వ్యయమే మిక్కుటము. కాని లెక్కలోనికి రాని నష్టమొకటి కలదు. ఆ మేస్త్రీ వయస్సు డెబ్బది దాటినది. ఆయన కుమారులు వేరు వృత్తులు చేపట్టిరి. చెవితో విని ఇంజను రోగము చెప్పగల యా విద్య ఏ పుస్తకమునను పూర్తిగ లేదు. రేకులకు త్రుప్పు పట్టినచో గీకి రంగు వేయవచ్చును. ఆ చేతులు పోయిన పిమ్మట తెచ్చుట కెవరి తరము? ఈ మూడు నెలలు మనుమడు ఆయన ప్రక్కనే నిలిచి, ప్రతి మరను తన చేతితో విప్పి బిగించెను. ఆ యింట దక్కిన అసలు ఆస్తి యదియే. షెడ్డులో బండి గలవారు తుక్కు వర్తకునికి కబురంపక మున్ను, ఊరి మేస్త్రీకి కబురంపుదురుగాక. ఆయనతోబాటు నేర్చుకొనగల కుఱ్ఱవాని నొకని గూడ షెడ్డులోనికి పంపుదురుగాక.